ఆ చివరి 20 మీటర్ల గురించి కూడా రాయండి

సంపాదకుల గారికి నమస్కారం.

ముప్పై ఏళ్లకు పైగా మీ పత్రిక చదువుతున్నాను, ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదటిసారి. అంతరిక్షానికి వెళ్లిన మన వ్యోమగామి శుభాంశు శుక్లా 2025 జూలైలో క్షేమంగా తిరిగొచ్చి సముద్రంలో దిగారు. ఆ ఏడాది జూన్ 26 సాయంత్రం ఆయన ఎక్కిన డ్రాగన్ నౌక అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని అందుకోవడం టీవీలో చూసిన దగ్గర్నుంచి నా మనసు అక్కడే ఉంది. మర్నాడు పొద్దున్నే మీ పేపర్ కోసం గేటు దగ్గర నిలబడ్డాను. ప్రయోగం రోజు పేజీ నిండా ఫొటోలు వేశారు, నిప్పులు, పొగ, ఆయన తల్లిదండ్రుల ముఖాలు, అన్నీ బాగున్నాయి. కానీ డాకింగ్ గురించి, అంటే నౌక వెళ్లి అంతరిక్ష కేంద్రానికి తగులుకోవడం గురించి, వచ్చింది నాలుగే నాలుగు లైన్లు, అందులోనూ గంటకు 28 వేల కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్లి అనుసంధానమైందని రాశారు.

ఆ దూసుకెళ్లి అన్న మాట చదివి ఉండబట్టలేక ఇది రాస్తున్నాను. నేను చూసినంతసేపూ ఆ నౌక ఎక్కడా దూసుకెళ్లలేదండీ. కదిలింది, చూసుకుంది, మళ్లీ కదిలింది, చివరికి చీమ నడకన వచ్చి తాకింది.

నేను రైల్వేలో పనిచేసి రిటైరైనవాణ్ని. లోకో పైలట్ అనగానే అందరికీ ఎక్స్‌ప్రెస్ బండి నడిపేవాళ్లే గుర్తొస్తారు కానీ నా సర్వీసులో ఎక్కువ భాగం షంటింగ్‌లోనే గడిచింది. యార్డులో పెట్టెలు కలపడం, విడదీయడం, వచ్చిన ఇంజన్ తీసి ఇంకో ఇంజన్ తగిలించడం, ఇదే పని. ఇంజన్‌ని ప్యాసింజర్ బండికి తగిలించేటప్పుడు మాకు ఒక నియమం ఉంటుంది. బండి ఇంకా 20 మీటర్లు ఉందనగా ఇంజన్ పూర్తిగా ఆపేయాలి. పాయింట్స్‌మన్, అంటే యార్డులో కింద ఉండి సైగలు చేసే మనిషి, వెళ్లి కప్లింగ్, అంటే ఇంజన్నీ పెట్టెనూ కలిపే కొక్కెం, సరిగ్గా ఉందా, మధ్యలో మనుషులెవరైనా ఉన్నారా అని చూసుకుని, పగలైతే పచ్చజెండా రాత్రయితే పచ్చదీపం చూపించాకే డెడ్ స్లోలో కదలాలి. ఎంత తొందరున్నా, బండి ఎంత లేటైనా ఆ 20 మీటర్ల దగ్గర ఆగాల్సిందే.

ఆ సాయంత్రం టీవీలో చెబుతుంటే విన్నాను, డ్రాగన్ దారిలో కూడా కొన్ని మజిలీలు ఉంటాయట. మొదటిది అంతరిక్ష స్టేషన్‌కు 400 మీటర్ల కింద, తర్వాతది 220 మీటర్ల దగ్గర, చిట్టచివరిది సరిగ్గా 20 మీటర్ల దగ్గర! నేల మీద హ్యూస్టన్‌లో నాసా వాళ్లు, కాలిఫోర్నియాలో హాథార్న్‌లో స్పేస్‌ఎక్స్ వాళ్లు అన్నీ చూసుకుని సరే అంటేనే అక్కణ్నుంచి ముందుకు రావాలి. స్టేషన్ చుట్టూ 200 మీటర్ల మేర ఒక కనిపించని గోళం గీసుకుని, అనుమతి లేనిదే అందులోకి ఏ నౌకనూ రానివ్వరు. ఇది విన్నాక నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. నా ఉద్యోగంలో రోజుకు పదిసార్లు చేసిన పనే అది, కాకపోతే 400 కిలోమీటర్ల ఎత్తున, పట్టాలు లేకుండా.

పట్టాలు లేకపోవడమంటే ఏమిటో ఆలోచించండి. మాకు వేగం తగ్గాలంటే బ్రేకు వేస్తే చాలు, చక్రం పట్టాను పట్టుకుంటుంది. అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. ఒకసారి కదిలితే ఎదురుగా ఏదో ఒకటి తోసేదాకా అలా పోతూనే ఉంటుంది. అందుకే డ్రాగన్‌కు చుట్టూ 16 చిన్న థ్రస్టర్లు పెట్టారు, ముందుకు రావాలన్నా ఆగాలన్నా పక్కకు జరగాలన్నా అవే చిన్న చిన్న ఊపులు ఇస్తాయి. స్టేషన్ బరువు 420 టన్నుల దాకా ఉంటుంది, నౌక 12 టన్నులకు పైమాటే. పైన బరువు తెలియదు కదా అని మా పక్కింటాయన అన్నాడు. బరువు తెలియకపోవచ్చు కానీ టన్నులు టన్నులే, గట్టిగా తగిలితే దెబ్బ దెబ్బే.

28 వేల కిలోమీటర్ల వేగం అబద్ధమని నేననడం లేదు. నౌకా అదే వేగంతో పోతోంది, స్టేషనూ అదే వేగంతో పోతోంది, 90 నిమిషాలకు కాస్త అటూ ఇటూగా రెండూ భూమిని ఒకసారి చుట్టేస్తున్నాయి. పక్కపక్క లైన్లలో రెండు బండ్లు ఒకే వేగంతో పోతుంటే కిటికీలోంచి చూసినవాడికి అవతలి బండి నిలబడినట్టే కనిపిస్తుంది, రైలెక్కిన ప్రతివాళ్లకూ ఇది అనుభవమే. డాకింగ్‌లో చూడాల్సింది ఒకదానితో పోలిస్తే ఇంకోటి ఎంత వేగంగా వస్తోందన్నదే. తాకే క్షణంలో అది సెకనుకు 10 సెంటీమీటర్లు కూడా ఉండదు, పసిపిల్ల పాకినంత కూడా కాదు. ఈ ఒక్క సంగతి మీరు రాసుంటే ఎంత బాగుండేదో. 28 వేలు చదివి అబ్బో అనుకుంటాం, మర్చిపోతాం. 10 సెంటీమీటర్లంటే మాత్రం స్కూలు స్కేలు తీసి కొలిచి చూస్తారు పిల్లలు, మా మనవరాలు చూసింది.

ఇంకో సంగతి. ఫ్లోరిడాలోని కెన్నెడీ స్పేస్ సెంటర్ నుంచి మన టైము ప్రకారం జూన్ 25 మధ్యాహ్నం 12 గంటలకు బయల్దేరితే పది నిమిషాల్లోపే కక్ష్యలోకి చేరారు, మరి స్టేషన్‌కు చేరడానికి 28 గంటలెందుకు పట్టిందని మా ఇంట్లో అందరూ అడిగారు. వేగం పెంచి వెంటపడితే అక్కడ పని జరగదు. వేగం పెంచితే నౌక పై కక్ష్యలోకి ఎగబాకుతుంది, పై కక్ష్యలో చుట్టు పెద్దది, నడక నిదానం, దాంతో స్టేషన్‌కు ఇంకా వెనకబడిపోతుంది. అందుకని ముందు కింది కక్ష్యలో ఉండి, అక్కడ చుట్టు చిన్నది కాబట్టి కొంచెం కొంచెంగా స్టేషన్‌కు దగ్గరవుతూ, సమయం చూసి మెట్టు మెట్టుగా పైకెక్కాలి. వలయాకారంలో ఉన్న రెండు ట్రాకుల్లో లోపలి ట్రాకు మీద ఉన్న బండి ముందుకొచ్చినట్టు అని చెబితే మా మనవరాలికి అర్థమైంది, ఆరో తరగతి పిల్లకు.

ఆ సాయంత్రం ముందు చెప్పిన టైము నాలుగున్నర. అరగంట ముందే, 4 గంటల 1 నిమిషానికి తాకింది. అప్పుడు అట్లాంటిక్ సముద్రం ఉత్తర భాగం మీదుగా పోతున్నారు. నేను మూడింటికే టీవీ ముందు కూర్చున్నాను, మా ఆవిడ పెట్టిన కాఫీ అలాగే చల్లారిపోయింది. తెర మీద డ్రాగన్ ముక్కు మూత తెరుచుకుని ఉంది, ఆ గుండ్రటి చట్రం కొంచెం కొంచెంగా పెద్దదవుతోంది. వ్యాఖ్యానమంతా ఇంగ్లీషులో ఉంది, నేను తెలుగులో చెబుతున్నాను. మనవరాలు అడిగింది, ‘తాతా, అంత దగ్గరకొచ్చేశాక ఇంకా ఎందుకంత నెమ్మది, పోయి తగిలేయొచ్చు కదా?’

దానికి నేను చెప్పింది ఇక్కడ కూడా చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక స్టేషన్‌లో, వాన పడుతున్న రాత్రి, బండి నలభై నిమిషాలు లేటు. ఇంజన్ తగిలించాలి. 20 మీటర్ల దగ్గర ఆపాను కానీ కదిలాక చెయ్యి ఒక్క నాచ్ ఎక్కువ తిప్పింది. ఇంజన్‌కీ పెట్టెకూ మధ్య దెబ్బను ఆపే బఫర్లు గట్టిగా తగిలాయి. మూడో పెట్టెలో తలుపు దగ్గర నీళ్ల సీసాతో నిలబడ్డ ఒక పెద్దావిడ పడిపోయి మణికట్టు విరిగింది. తప్పు నాదే, పాయింట్స్‌మన్‌ది కాదు, వానది అసలే కాదు. ఆవిణ్ని దించి రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే నా వంక చూసిన చూపు నేను రిటైరయ్యేదాకా ప్రతి కప్లింగ్‌లోనూ గుర్తొచ్చింది. వేగం తేడా నడిచే మనిషి అడుగంత కూడా లేదు. దానికే ఒక చెయ్యి విరిగింది.

పైన అయితే ఏమవుతుందో కూడా ప్రపంచం ఒకసారి చూసింది. 1997 జూన్ 25న రష్యా వాళ్ల మీర్ స్టేషన్‌కు ప్రోగ్రెస్ అనే సరుకుల నౌకను లోపలి నుంచి టీవీ తెర చూస్తూ చేత్తో నడిపి తగిలించే పరీక్ష చేశారు. అది అనుకున్నదానికన్నా వేగంగా వచ్చి స్పెక్టర్ అనే గదిని గుద్దేసింది. గదికి చిల్లుపడి గాలి పోవడం మొదలైంది. తలుపు మూసేద్దామంటే తలుపులోంచి కరెంటు తీగలు పరిచి ఉన్నాయి, అవి ఊడదీసి మూత పెట్టేసరికి లోపలున్న ముగ్గురి ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకోవాల్సి వచ్చింది. ముగ్గురూ బతికారు, ఆ గది మాత్రం మళ్లీ పనికి రాలేదు. శుభాంశు బయల్దేరింది కూడా సరిగ్గా జూన్ 25నే, 28 ఏళ్ల తర్వాత. ఆ తేదీ గుర్తొచ్చి నాకు రాత్రంతా టెన్షన్ గానే ఉంది, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

తాకాక కూడా పని అయిపోదు. ముందు మెత్తగా పట్టుకుంటుంది, ఆ చట్రం తాకిన ఊపును మింగేసుకుంటుంది, మా బఫర్ స్ప్రింగులు నొక్కుకున్నట్టు. ఊగడం ఆగాక దగ్గరకు లాక్కుని 12 కొక్కేలు బిగుసుకుంటాయి, మేం స్క్రూ కప్లింగ్ బిగించినట్టు. తర్వాత కరెంటూ సమాచారమూ పోయే తీగలు కలుస్తాయి. తర్వాత రెండు తలుపుల మధ్య గాలి ఎక్కడైనా పోతోందా అని చాలాసేపు చూస్తారు. మాకూ అంతే, హోస్ పైపులు కలిపి బ్రేకు పైపులో 5 కేజీల ప్రెషర్ వచ్చి నిలబడిందని చివరి పెట్టెదాకా చూసుకోనిదే బండి కదలదు. ఆ రోజు తలుపు తెరిచేసరికి ఐదూ ముప్పావు దాకా అయింది. అంతసేపూ ఆ నలుగురూ, కమాండర్ పెగ్గీ విట్సన్, మన శుభాంశు, పోలండ్ ఆయన, హంగరీ ఆయన, తలుపు ఇవతల ఎదురుచూస్తూ కూర్చున్నారు. అవతల ఏడుగురు. తలుపు తెరుచుకుని ఒకళ్లనొకళ్లు కౌగిలించుకుంటుంటే మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత శుభాంశుకు అంతరిక్షంలోకి వెళ్లిన 634వ మనిషిగా పిన్ను పెట్టారు.

మా పాత సహోద్యోగి ఒకాయన ఫోన్ చేసి, టికెట్ కొనుక్కుని ప్రైవేటు వాళ్ల బండెక్కి పోయినదానికి ఇంత సంబరమా అన్నారు. ఆ మాట ఇంకా చాలామంది అంటున్నారు కాబట్టి దీనికీ జవాబు రాయాలి. నౌక స్పేస్‌ఎక్స్‌ది, ప్రయాణం ఏర్పాటు చేసింది యాక్సియమ్ అనే ఇంకో కంపెనీ, సీటుకు మన ప్రభుత్వం డబ్బు కట్టింది, అంతా నిజమే. అమెరికా కూడా 2011లో స్పేస్ షటిళ్లు ఆపేశాక తొమ్మిదేళ్లు తన మనుషుల్ని రష్యా సోయుజ్‌లో సీట్లు కొనే పంపింది. ఆ మధ్యలో 2012 మే నెలలో మొదటిసారి ఒక ప్రైవేటు నౌక, ఇదే డ్రాగన్ పాత రకం, స్టేషన్ దాకా వెళ్లింది. అప్పటికి దానికి తనంతట తాను తగులుకోవడం రాదు, స్టేషన్‌లోని వాళ్లు పొడుగాటి రోబో చేత్తో పట్టుకుని తగిలించారు. తనంతట తాను తగులుకోవడానికి 2019 మార్చి దాకా పట్టింది, మనుషుల్ని ఎక్కించుకుని వెళ్లడానికి 2020 మే దాకా. అన్నేళ్లు ఓపిక పట్టి నేర్చుకున్న పని అది.

మరి మనవాడు ఆ సీట్లో కూర్చుంటే మనకేం వచ్చింది? రైల్వేలో ఎంత అనుభవమున్న లోకో పైలట్‌నైనా కొత్త సెక్షన్‌లో నేరుగా బండి ఇచ్చి పంపరు. ముందు రోడ్ లెర్నింగ్ ఉంటుంది. ఆ దారి తెలిసిన వాళ్ల పక్కన ఇంజన్లో కూర్చుని, ఎక్కడ ఎత్తు, ఎక్కడ వంపు, ఏ సిగ్నల్ చెట్ల చాటున ఉంటుంది, అన్నీ కళ్లతో చూసి సంతకం పెట్టాకే బండి ఇస్తారు. శుభాంశు పైలట్ సీట్లో కూర్చుని చేసింది అదే. నౌక తనంతట తానే నడిచినా తెర మీది ప్రతి అంకెనూ చూస్తూ, తేడా వస్తే అందుకోవడానికి సిద్ధంగా ఉండటమే ఆయన పని. రేపు మన సొంత నౌక గగన్‌యాన్ మనుషుల్ని ఎక్కించుకుని వెళ్లే రోజుకు ఆ దారి చూసినవాడు మన దగ్గర ఒకడున్నాడు. 1984లో రాకేశ్ శర్మ గారు వెళ్లొచ్చాక 41 ఏళ్లు మనకు అలాంటివాడు ఇంకొకడు లేడు. (తండ్రి హైదరాబాద్ నుంచి వెళ్లిన రాజాచారి 2021 నవంబరులో కమాండర్‌గా ఇలాంటి డ్రాగన్‌లోనే ఈ స్టేషన్‌కు వెళ్లారు, కానీ ఆయన అమెరికా తరఫున వెళ్లారు.)

ఇక నన్ను నిజంగా ఈ ఉత్తరానికి కూర్చోబెట్టిన సంగతి. మాది గూడూరు. శ్రీహరికోటలో రాకెట్ లేస్తే మిద్దెక్కి చూస్తాం. 2024 డిసెంబర్ 30 రాత్రి పది గంటలకు పీఎస్‌ఎల్‌వీ స్పేడెక్స్ జంటను మోసుకుని వెళ్తుంటే కూడా చూశాం. చెరొక 220 కిలోల చిన్న ఉపగ్రహాలు రెండు, పైకెళ్లాక ఒకదాన్నొకటి వెతుక్కుని కలవాలి. జనవరి 12న అవి 15 మీటర్ల దాకా వచ్చాయి, ఆ తర్వాత 3 మీటర్ల దాకా కూడా వచ్చాయి, వచ్చి మళ్లీ జాగ్రత్తగా వెనక్కి వెళ్లాయి. మా వీధిలో నలుగురు అయ్యో కుదరలేదే అనుకున్నారు. నాకు మాత్రం ఆ రోజే ఇస్రో మీద గౌరవం రెట్టింపైంది. మూడు మీటర్ల దాకా వచ్చి, దేశమంతా చూస్తుండగా, ఇప్పుడు కాదు ముందు లెక్కలు చూసుకుందాం అని వెనక్కి తగ్గడానికి ఎంత నిబ్బరం కావాలో యార్డులో పనిచేసినవాడికి తెలుసు. నాలుగు రోజుల తర్వాత, జనవరి 16 ఉదయం, కలిపేశారు. రష్యా, అమెరికా, చైనా తర్వాత ఆ పని చేసింది మనమే.

ఆ ఉదయం నాకు దొరికింది పని అయిపోయాక వచ్చిన ప్రకటన ఒక్కటే. తర్వాత వీడియో వచ్చింది, అదీ ఎన్నిసార్లు చూశానో. కానీ జరుగుతుండగా చూడటం వేరు. అమెరికా కంపెనీ నౌక తాకేదాకా ప్రతి నిమిషం నేను గూడూరులో కూర్చుని చూడగలిగాను, కళ్ల ముందు లేచిన మన స్పేడెక్స్ కలవడం మాత్రం చూడలేకపోయాను. కక్ష్యలో తిరిగే చిన్న ఉపగ్రహాల బొమ్మలు ప్రతి నిమిషం నేలకు అందవని, తొలి ప్రయత్నం కాబట్టి వాళ్ల మీద అప్పటికే ఒత్తిడి ఉంటుందని నాకు తెలుసు, తప్పు పట్టడం లేదు. అందినంత మేరకైనా, ఆలస్యంగానైనా, ఇప్పుడు 15 మీటర్లు, ఇప్పుడు 3 మీటర్లు అని తెలుగులో ఒక గొంతు చెబుతుంటే వినాలని ఉంది. చంద్రుడి మట్టి తెచ్చే చంద్రయాన్-4లో డాకింగ్ ఉంది, 2035 నాటికి కట్టాలనుకుంటున్న మన సొంత అంతరిక్ష కేంద్రం గదులన్నీ ఒకదానికొకటి తగిలించాల్సినవే. ఇక ముందు మనకు ఎన్నో డాకింగ్‌లు ఉన్నాయి. ప్రత్యక్ష ప్రసారం చూపించమని ఇస్రోను మీలాంటి పత్రికలు అడిగితే వింటారు, నాలాంటి వాళ్లు అడిగితే ఎంతవరకు చేరుతుంది?

మీరు మీ చేతుల్లోనే చేయగలిగిన పని కూడా ఒకటుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన ఊళ్ల మీదుగా పోతుంటే కొన్ని రోజుల్లో సూర్యాస్తమయం అయిన కాసేపటికి గానీ తెల్లవారుజామున గానీ మామూలు కంటికే కనిపిస్తుంది. మినుక్కుమనకుండా పెద్ద నక్షత్రంలా వెలుగుతూ, పడమటి వైపు నుంచి వచ్చి, నాలుగైదు నిమిషాల్లో దాటిపోతుంది. ఏ ఊళ్లో ఏ టైముకు కనిపిస్తుందో నాసా ముందుగానే చెబుతుంది. మీరు రోజూ వేసే పంచాంగంలో సూర్యోదయం, సూర్యాస్తమయం, రాహుకాలం, వర్జ్యం ఉంటాయి కదా, వాటి కింద, కనిపించే రోజుల్లో మాత్రం, ఇంకొక్క లైను వేయండి. విశాఖ, విజయవాడ, తిరుపతి, హైదరాబాద్, వరంగల్, ఏ దిక్కున ఎన్నింటికి అని. అంగుళం జాగా కూడా పట్టదు.

శుభాంశు స్టేషన్‌లో ఉన్న ఆ 18 రోజుల్లో ఒక సాయంత్రం మబ్బు విడిపోతే మేం మిద్దె మీద నుంచి చూశాం. పేపర్లో రాలేదు, మా అబ్బాయి ఫోన్లో చూసి చెప్పాడు. ఆయన పైన మెంతులూ పెసలూ మొలకెత్తిస్తున్నాడని అప్పటికే విని ఉంది మా మనవరాలు, ఆ చుక్క నెత్తి మీదికి వచ్చేసరికి రెండు చేతులూ ఎత్తి ఊపింది. పక్క మిద్దెల మీద బట్టలు తీసుకుంటున్న వాళ్లు ఏమిటది అని అడిగారు, చెప్పేలోపే దాటిపోయింది. ఇప్పుడు రోజూ సాయంత్రం పేపర్ నా చేతికిచ్చి, ఈ రోజు వస్తుందా తాతా, ఇందులో ఎక్కడ ఉంటుంది అని అడుగుతోంది.

ఇట్లు,
రిటైర్డ్ లోకో పైలట్ (షంటింగ్),
గూడూరు